డిగ్రీలో కంపెనీ వాటా ఎంత?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చదువుకు చాలాకాలంగా రెండు చిరునామాలున్నాయి. ఒకటి కాలేజీ. అక్కడ డిగ్రీ ఇస్తారు. రెండోది అమీర్‌పేట. అక్కడ పని నేర్పుతారు. నాలుగేళ్ల బీటెక్ పూర్తిచేసిన కుర్రాడు మైత్రీవనం పరిసరాల్లోని ఏదో ఒక కోచింగ్ సెంటర్లో మూడు నెలలు కూర్చుని జావా నేర్చుకోవడం ఎంత మామూలైపోయిందంటే, అందులోని వింత ఎవరి దృష్టికీ రాదు. ఆ కోర్సుల్లో చాలావరకు ఇప్పుడు ఆన్‌లైన్‌కు మారాయి గానీ తీరు మాత్రం మారలేదు. ఇక అదృష్టం బాగుండి ఉద్యోగం వస్తే, కంపెనీ మళ్లీ మరికొన్ని నెలలు శిక్షణ ఇస్తుంది. ఒకే విద్యను మూడుచోట్ల నేర్పాల్సి వస్తోందంటే మొదటిచోట నేర్పలేదనే అర్థం. మొదటి రెండు చోట్లా ఖర్చు భరించేది మాత్రం విద్యార్థి కుటుంబమే, లేదా ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపంలో ప్రభుత్వం.

ఈ చిక్కుకు విరుగుడుగా చెబుతున్న మంత్రం ఒకటుంది: కాలేజీ, కంపెనీ కలిసి డిగ్రీని తయారుచేయాలి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2025లో విడుదల చేసిన అప్రెంటిస్‌షిప్‌తో కూడిన డిగ్రీ మార్గదర్శకాల సారాంశం అదే. మూడేళ్ల డిగ్రీలో కనీసం ఒకటి, గరిష్ఠంగా మూడు సెమిస్టర్లు విద్యార్థి పనిచేసే చోట గడపవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఇంతకుముందే, 2020లో, డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. తెలంగాణ 2024లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీని ఏర్పాటు చేసి, దాని బోర్డు అధ్యక్ష పదవిని పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాకు అప్పగించింది.

ఆలోచన మంచిదే. కానీ ఇలాంటి ఒప్పందం ఏది కుదిరినా ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అందులో కంపెనీ పెడుతున్నదేమిటి? పేరా, సిలబస్సా, డబ్బా? ఈ మూడింటికీ చాలా తేడా ఉంది. మనదేశంలో మొదటి రెండూ కావలసినన్ని దొరుకుతాయి. మూడోది అరుదు.

పేరు పెట్టిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. 1998లో గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైనప్పుడు అందులో ఐబీఎం, ఒరాకిల్, మోటరోలా, సత్యం వంటి కంపెనీల పేర్లతో స్కూళ్లు వెలిశాయి. పరిశ్రమకు కావలసిన విద్యను పరిశ్రమే దగ్గరుండి చెప్పించాలన్నది అప్పటి ఉత్సాహం. కొన్నేళ్లలోనే సంస్థ దారి మార్చుకుంది. కంపెనీ స్కూళ్ల స్థానంలో పరిశోధన కేంద్రాలు వచ్చాయి. ఈనాడు దానికున్న పేరు ఆ పరిశోధన వల్ల వచ్చిందే. ఇక సత్యం సంగతి అందరికీ తెలిసిందే. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు లెక్కల్లోని మోసాన్ని స్వయంగా ఒప్పుకున్నారు. తర్వాత ఆ పేరే కనుమరుగైంది. డిగ్రీ పట్టా మనిషితో నలభై ఏళ్లు నడవాలి. కంపెనీ పేరుకు అంత ఆయుష్షు ఉంటుందన్న పూచీ లేదు.

సిలబస్ ఇచ్చిన ఉదాహరణలు ఇంకా ఎక్కువ. ఇన్ఫోసిస్ 2004లో క్యాంపస్ కనెక్ట్ పేరుతో ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు శిక్షణ, విద్యార్థులకు పాఠ్యాంశాలు అందించడం మొదలుపెట్టింది. టీసీఎస్ మరో అడుగు ముందుకేసి కంప్యూటర్ సైన్స్ అండ్ బిజినెస్ సిస్టమ్స్ పేరిట ఏకంగా ఒక బీటెక్ కోర్సునే రూపొందించింది. 2018 నుంచి ఆ కోర్సు కాలేజీల్లోకి వచ్చింది. ఇవి ఉపయోగం లేనివని కాదు. పదిహేనేళ్ల పాత పాఠాలను వల్లెవేయించే కాలేజీకి ఇలాంటి కుదుపు అవసరమే. కానీ సిలబస్ రాసిచ్చిన కంపెనీకి ఆ కోర్సు చదివిన కుర్రాడి విషయంలో ఏ బాధ్యతా ఉండదు. వాడు పాసైతే ఇంటర్వ్యూకు పిలుస్తుంది. మార్కెట్ పడిపోతే అదీ ఉండదు. నష్టపోయేది విద్యార్థి ఒక్కడే.

ఆ నష్టం ఎలా ఉంటుందో ఈమధ్యే చూశాం. 2023 తర్వాత పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవారిని తీసుకోవడం బాగా తగ్గించాయి. ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూసినవారు వేలల్లో ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ తన మైసూరు శిక్షణ కేంద్రం నుంచి 300 మందికి పైగా ట్రైనీలను సాగనంపింది. అంతర్గత పరీక్ష పాసయ్యేందుకు మూడు అవకాశాలిచ్చామన్నది సంస్థ వాదన. కంపెనీగా ఆ వాదనలో తప్పుపట్టడానికి ఏమీ లేకపోవచ్చు. కానీ వారంతా డిగ్రీ పట్టాలు పొందినవారు, అదే కంపెనీ ఇంటర్వ్యూలో నెగ్గినవారు. ఆఫర్ వచ్చాక రెండేళ్లకు పైగా ఎదురుచూసినవారూ వారిలో ఉన్నారు. కాలేజీ తన పరీక్ష తాను పెట్టుకుంది, కంపెనీ తన పరీక్ష తాను పెట్టుకుంది. రెండింటికీ మధ్య ఉన్న గోతిలో పడ్డది పిల్లలు.

మరి డబ్బు పెట్టినవారు లేరా? ఉన్నారు. విప్రో 1995లో బిట్స్ పిలానీతో కలిసి ఒక పథకం ప్రారంభించింది. బీఎస్సీ పాసైనవారిని ఉద్యోగంలో చేర్చుకుని, వారం రోజులూ పనిచేయించుకుంటూ, వారాంతంలో పాఠాలు చెప్పించి, నాలుగేళ్లలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ పట్టా ఇప్పించడం దాని పద్ధతి. చదువు ఖర్చు కంపెనీది, పట్టా బిట్స్‌ది. పైగా నెలనెలా స్టైపెండ్. ఇంజినీరింగ్ సీటు కొనలేని మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి ఇళ్ల నుంచి వచ్చిన బీఎస్సీ మ్యాథ్స్ పిల్లలకు అది ఎంత పెద్ద తలుపు తెరిచిందో ఆంధ్ర ప్రాంతపు డిగ్రీ కాలేజీలకు బాగా తెలుసు. ఆ పథకమే తర్వాత పేరు మార్చుకుని, బీసీఏ, బీఎస్సీ పట్టభద్రులకు ఎంటెక్ చెప్పించే కార్యక్రమంగా కొనసాగింది.

దీనికి భిన్నమైన దారి జోహోది. శ్రీధర్ వెంబు నెలకొల్పిన ఈ చెన్నై కంపెనీ 2005 నుంచి తన సొంత బడి నడుపుతోంది. ఇంటర్ స్థాయి చదువు అయినవారిని చేర్చుకుని, ఫీజు లేకుండా, స్టైపెండ్ ఇచ్చి సాఫ్ట్‌వేర్ నేర్పుతుంది. అయితే పట్టా ఉండదు. పనొస్తే పట్టా ఎందుకన్నది వారి సిద్ధాంతం. అదే కంపెనీలో కొనసాగేవాడికి ఆ సిద్ధాంతం చక్కగా సరిపోతుంది. బయటికి వెళ్లాలనుకుంటేనే చిక్కు. అమెరికా హెచ్1బీ వీసాకు బ్యాచిలర్ డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ ఉండాలి. బ్యాంకు పరీక్ష నుంచి గ్రూప్ 1 వరకు ఇక్కడ అడిగేదీ డిగ్రీనే. తెలుగు ఇళ్లలో డిగ్రీ మీద అంత మోజు ఎందుకని వెక్కిరించేవారు ఈ సంగతి మరిచిపోతారు. డిగ్రీ అంటే జ్ఞానమే కాదు, ఒక కంపెనీ తలుపు మూసుకుంటే ఇంకో తలుపు తట్టగల హక్కు కూడా.

ఇక హెచ్‌సీఎల్ 2017లో ఇంటర్ పాసైనవారి కోసం మొదలుపెట్టిన టెక్‌బీ పథకం ఈ రెంటికీ మధ్యస్థం. ముందు ఏడాది శిక్షణ, ఆపైన ఉద్యోగం, ఉద్యోగం చేస్తూ డిగ్రీ. కాకపోతే శిక్షణకు విద్యార్థుల దగ్గరే ఫీజు తీసుకుంటారు, ప్రతిభ చూపినవారికి రాయితీ ఇస్తారు. పద్దెనిమిదేళ్లకే జీతం అందుకోవడం చాలా ఇళ్లకు చిన్న విషయం కాదు. కానీ ఫీజు ఎటునుంచి ఎటు ప్రవహిస్తోందన్నది గమనించాల్సిన అంశం.

డబ్బు ఎటునుంచి రావాలో చెప్పడానికి జర్మనీ అనుభవం పనికొస్తుంది. 1970ల ఆరంభంలో స్టుట్‌గార్ట్‌లో డైమ్లర్-బెంజ్, బాష్ వంటి కంపెనీలు తమకు కావలసిన యువకులు విశ్వవిద్యాలయాల్లో దొరకడం లేదని గుర్తించాయి. అవి ఫిర్యాదుతో ఆగకుండా జేబులో చెయ్యి పెట్టాయి. 1974లో ఆ ప్రయోగం ప్రభుత్వ విద్యాసంస్థగా మారింది. 2009లో దానికి ఉన్నత విద్యాసంస్థ హోదా వచ్చింది. ఇప్పుడు బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో దాదాపు 9 వేల కంపెనీలు అందులో భాగస్వాములు. అక్కడి పద్ధతి మనకు తలకిందులుగా కనిపిస్తుంది. విద్యార్థికి ముందు కంపెనీతో ఒప్పందం కుదరాలి, ఆ తర్వాతే సీటు. మూడు నెలలు తరగతి, మూడు నెలలు పని, ఇలా మూడేళ్లు. తరగతిలో కూర్చున్న నెలలకు కూడా కంపెనీ జీతం ఇస్తుంది. ఇంజినీరింగ్, వాణిజ్యంతో పాటు కంప్యూటర్ సైన్స్ కూడా అలాగే చెబుతారు. చదువు ముగిశాక అత్యధికులు ఉద్యోగంలోకి వెళ్లేదీ తమను చదివించిన కంపెనీలోకే.

శిక్షణ ఇచ్చాక కుర్రాడు వేరే కంపెనీకి ఎగిరిపోతే ఎలా? మన యాజమాన్యాలు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. మనవాళ్లు దీనికి కనిపెట్టిన జవాబు బాండ్. ఇన్నేళ్లు పనిచేయాలి, లేకుంటే ఇంత కట్టాలి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో ఇలాంటి షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి సంతకం పెట్టేముందు చదవకపోతే ఆ తర్వాత వాపోయి లాభం లేదు. బ్రిటన్ మరో జవాబు కనిపెట్టింది. అక్కడ 2015లో సాఫ్ట్‌వేర్ రంగంతో సహా డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు మొదలయ్యాయి. విద్యార్థి ఫీజు కట్టడు, జీతం తీసుకుంటాడు. 2017 నుంచి ఏటా 30 లక్షల పౌండ్లకు మించి జీతాలు చెల్లించే ప్రతి యజమానీ అందులో అర శాతం అప్రెంటిస్‌షిప్ సుంకంగా కట్టాల్సిందే. శిక్షణ ఇచ్చినవాడు ఆ డబ్బును వాడుకుంటాడు. ఇతరులు తయారుచేసిన మనుషులను తన్నుకుపోయేవాడు కూడా తన వంతు కట్టి తీరాలి. భారమంతా విద్యార్థి సంతకం మీద మోపే బాండ్ కన్నా ఇది న్యాయమైన లెక్క.

మనదగ్గర చట్టం లేదా అంటే, ఉంది. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో కనీసం రెండున్నర శాతం మంది అప్రెంటిస్‌లను తీసుకోవాలి. పట్టభద్రులకు నెలకు కనీస స్టైపెండ్ 9 వేల రూపాయలుగా అప్పుడే నిర్ణయించారు. దాన్ని 12,300కు పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025లో సిఫార్సు చేసింది. హైదరాబాద్‌లో ఒక గది అద్దె, మెస్ బిల్లు తెలిసినవారికి ఈ అంకె ఎంత దూరం వస్తుందో చెప్పనక్కర్లేదు. పైగా పరిశ్రమలున్న చోటికీ కాలేజీలున్న చోటికీ పొంతన లేదు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో డిగ్రీ చదివే అమ్మాయికి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అంటే, ఇవ్వగల కంపెనీ ఎక్కడినుంచి రావాలి? కంపెనీ లేనప్పుడు మిగిలేది సర్టిఫికెట్ ఒక్కటే. అది ఎలా సంపాదించాలో మన కాలేజీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. డబ్బు పెట్టే కంపెనీ, తనకు ఈరోజు అవసరమైనదే నేర్పమంటుంది. 2000 సంవత్సరపు వైటూకే భయంలో అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకున్నవారికి రెక్కలొచ్చాయి. ఆ తర్వాత డాట్‌కామ్ బుడగ పేలాక ఆ రెక్కలే బరువయ్యాయి. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు మామూలు కోడ్‌ను క్షణాల్లో రాసిపెడుతున్నాయి. ఒక కంపెనీ వాడే ఒక సాధనం చుట్టూ అల్లిన డిగ్రీ, పట్టా చేతికొచ్చే నాటికే పాతబడిపోవచ్చు. గణితం, అల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, నలుగురితో కలిసి పనిచేయడం, రాసిన దాన్ని పరీక్షించడం, వివరించి చెప్పడం అంత త్వరగా పాతబడవు. అందుకే సిలబస్ మీద చివరి మాట విశ్వవిద్యాలయానిదే కావాలి. ఖర్చులో కంపెనీ వాటా పెరగాలి గానీ, పట్టా మీద పెత్తనం కాదు.

ఇంటర్ ఫలితాలు వచ్చాక కాలేజీల బ్రోచర్లు ఇళ్లకు చేరతాయి. కంపెనీల లోగోలు, కరచాలనాల ఫొటోలు, ఎంఓయూల జాబితాలు వాటి నిండా ఉంటాయి. వాటిని చూసి మురిసే ముందు తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. చదువుతుండగా మా అబ్బాయికి కంపెనీ నెలనెలా ఎంత ఇస్తుంది? పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం ముద్ర ఉంటుంది? మధ్యలో కంపెనీ తప్పుకుంటే చదువు ఎవరు పూర్తిచేయిస్తారు? మానేస్తే ఎంత కట్టాలి, ఆ మాట కాగితం మీద ఎక్కడుంది? జవాబు నోటిమాటగా వస్తే అది జవాబు కాదు.

ప్రభుత్వాలు అడగాల్సింది ఐదో ప్రశ్న. రెండు రాష్ట్రాలూ ఏటా ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కోట్లాది రూపాయలు కేటాయిస్తాయి. బకాయిలు పడతాయి, కాలేజీలు ఆందోళన చేస్తాయి, కొంత విడుదలవుతుంది. ఈ మొత్తం తతంగంలో, ఆ పిల్లలతో రేపు పనిచేయించుకోబోయే కంపెనీ ఎక్కడా కనిపించదు. కంపెనీ స్టైపెండ్ ఇచ్చే సీట్లకే ఇలాంటి ఉమ్మడి డిగ్రీ గుర్తింపు ఇస్తామని, జిల్లా కాలేజీల నుంచి తీసుకునే కంపెనీకి అందులో కొంత సాయం చేస్తామని ప్రభుత్వాలు షరతు పెట్టవచ్చు. అప్పుడు సీట్లు వేలల్లో ఉండకపోవచ్చు. వందల్లోనే ఉండవచ్చు. కానీ ఆ వంద సీట్లూ నిజమైనవి అవుతాయి.

సరైన మనుషులు దొరకడం లేదని సాఫ్ట్‌వేర్ పరిశ్రమ పాతికేళ్లుగా వేదికలెక్కి చెబుతోంది. పంట బాగోలేదని ఫిర్యాదు చేసే హక్కు ఎవరికైనా ఉంటుంది. విత్తనానికి, నీటికి కాస్త ఖర్చుపెట్టినవాడు చెబితే ఆ మాటకు బరువు ఎక్కువ.