గెలిచిన యుద్ధం, తీరని బాకీ

2009 నవంబరులో శ్రీలంక కేంద్ర బ్యాంకు ఒక కొత్త వెయ్యి రూపాయల నోటు విడుదల చేసింది. ఒకవైపు అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స రెండు చేతులూ పైకెత్తి నవ్వుతుంటారు. రెండోవైపు జాతీయ జెండా ఎత్తుతున్న సైనికులు. తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈతో 26 ఏళ్లు సాగిన యుద్ధం ముగిసి అప్పటికి ఆరు నెలలు. గద్దె మీద ఉన్న మనిషి తన బొమ్మను తన హయాంలోనే నోటు మీదికి ఎక్కించుకుంటే, దక్షిణ లంకలో ఇదేం చోద్యమని అడిగిన గొంతులు పెద్దగా లేవు. ఆ రోజుల్లో ఆ నోటు మారిస్తే ఎనిమిదిన్నర డాలర్లకు పైగా వచ్చేవి. 2022 మే నాటికి మూడు డాలర్లు కూడా రావు. అదే నెలలో మహింద ప్రధాని పదవికి రాజీనామా చేసి, జనం చేతికి చిక్కకుండా ట్రింకోమలీ నౌకాదళ స్థావరంలో తలదాచుకున్నారు.

ఈ రెండు సంగతుల మధ్య నడిచిన పదమూడేళ్లను మనవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు: అప్పులు చేశారు, పంచిపెట్టారు, మునిగారు. ఆ ఏడాది తెలుగు రాష్ట్రాల్లో ‘శ్రీలంక’ అన్న మాట తిట్టుగా మారింది. జులైలో లంక సంక్షోభం మీద ఢిల్లీలో అఖిలపక్షం పిలిచి అందులో రాష్ట్రాల అప్పుల లెక్కలు తీస్తే వైసీపీ, టీఆర్ఎస్ ఎంపీలు అభ్యంతరం చెప్పారు. పోలిక ఎలాగూ కుదరదు. మన రాష్ట్రాలు విదేశీ బజారులో డాలర్ల బాండ్లు అమ్ముకోవు, విదేశీ మారక నిల్వలు వాటి చేతిలో ఉండవు. అంతకంటే పెద్ద లోపం మరొకటి. ఆ చర్చల్లో లంక కథలోంచి యుద్ధం మాయమైపోయింది. అప్పు ఏ దేశమైనా చేస్తుంది. చేసేవాణ్ని ఆపి అడిగే నోరు లేకపోవడం వేరే సంగతి. లంకలో ఆ నోరు యుద్ధం గెలిచిన రోజే మూతపడింది.

ముల్లైత్తీవు జిల్లాలో సముద్రానికీ నందికడల్ సరస్సుకూ మధ్య సన్నటి ఇసుక నేల ముళ్లివాయ్క్కాల్. 2009 మేలో యుద్ధం ముగిసింది అక్కడే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం, ఆ చివరి నెలల్లో చనిపోయిన పౌరులు 40,000 దాకా ఉండవచ్చని 2011లో రాసింది. ప్రభుత్వమే ‘కాల్పులు ఉండవు, రండి’ అని ప్రకటించిన చోట గుండ్లు పడ్డాయని చెప్పింది. పులులు సొంత జనాన్నే అడ్డుపెట్టుకున్నారనీ, పారిపోబోయిన వాళ్లను కాల్చారనీ కూడా అదే నివేదిక చెప్పింది. దక్షిణాన మాత్రం వీధుల్లో పాయసం పంచుకున్నారు. పాతికేళ్లు బాంబులకు భయపడి బతికిన జనం ఊపిరి పీల్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఆ ఊపిరిని ఒక కుటుంబం తన ఖాతాలో జమ వేసుకున్న తీరే అసలు కథ.

2010 జనవరి ఎన్నికల్లో మహిందకు దాదాపు 58 శాతం ఓట్లు పడ్డాయి. ఆయన మీద పోటీ చేసింది ఎవరనుకున్నారు? యుద్ధం నడిపిన సైన్యాధిపతి శరత్ ఫొన్సెకా. ఓడిన రెండు వారాల్లోపే ఆయన అరెస్టయ్యారు. గెలుపు ఒక్కటే, దానికి ఇద్దరు హక్కుదారులు ఉండకూడదు కదా. అదే ఏడాది సెప్టెంబరులో 18వ రాజ్యాంగ సవరణతో అధ్యక్షుడు రెండుసార్లే పోటీ చేయాలన్న పరిమితి పోయింది. 2013లో ప్రధాన న్యాయమూర్తినే అభిశంసించి ఇంటికి పంపారు. ఒక తమ్ముడు గోటబయ రక్షణ శాఖ కార్యదర్శి, ఇంకో తమ్ముడు బాసిల్ మంత్రి, అన్న చమల్ స్పీకర్. హంబన్‌తొట రేవుకు మహింద పేరు, మత్తల విమానాశ్రయానికి రాజపక్స పేరు. దేశం తొలిసారి డాలర్ల సావరిన్ బాండు అమ్మింది 2007లో, యుద్ధం నడుమ, 50 కోట్ల డాలర్లకు. యుద్ధం గెలిచాక ఆ తలుపు బార్లా తెరుచుకుంది. చైనా అప్పు మీద మనం చాలా రాసుకున్నాం గానీ, లంక మెడకు బిగిసిన ఉచ్చులో పెద్ద పేట ఈ బాండ్లదే. గెలిచిన ప్రభుత్వమంటే మదుపుదారులకూ ముచ్చటే. ముళ్లివాయ్క్కాల్ లెక్క వాళ్ల లెక్కల్లోకి రాదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. ఆకలి లంక ప్రధానిని దించడం 2022లో మొదలు కాదు. కొరియా యుద్ధం రోజుల్లో రబ్బరు ధర ఎగిసి లంక ఖజానా నిండింది. యుద్ధం చల్లారేసరికి రబ్బరు పడిపోయింది. 1953లో ఆర్థికమంత్రి జె.ఆర్. జయవర్ధనే రేషన్ బియ్యం మీద సబ్సిడీ ఎత్తేశారు. 25 సెంట్ల కొలత ఒక్కసారిగా 70 సెంట్లయింది. ఆగస్టు 12న వామపక్షాలు హర్తాళ్‌కు పిలుపిస్తే రైళ్లు ఆగిపోయాయి, కొలంబోలో కొట్లు మూతపడ్డాయి. మంత్రివర్గం రేవులో నిలిచిన బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి అక్కడ సమావేశమైంది. కాల్పుల్లో మనుషులు పోయారు. రెండు నెలలకు ప్రధాని డడ్లీ సేననాయకే తప్పుకున్నారు.

దున్నింది వామపక్షాలు. పంట కోసుకున్నది మాత్రం ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే. బియ్యం కోసం లేచిన కోపాన్ని ఆయన భాష వైపు మళ్లించారు. అధికారంలోకి వస్తే 24 గంటల్లో సింహళం ఒక్కటే అధికార భాష అని 1956లో గెలిచారు. తమిళులు ప్రభుత్వోద్యోగాలకు దూరం కావడం అక్కణ్నుంచే ఊపందుకుంది. సబ్సిడీ ఎత్తేసిన జయవర్ధనేకు కూడా చరిత్ర మరో వేషం ఇచ్చింది. 1978లో సర్వాధికారాల అధ్యక్ష పదవిని సృష్టించింది ఆయనే. 1979లో ఉగ్రవాద నిరోధక చట్టాన్ని తాత్కాలికమంటూ తెచ్చి, 1982లో శాశ్వతం చేసిందీ ఆయన ప్రభుత్వమే. ఆ కుర్చీ, ఆ చట్టం రెండూ ఇంకా ఉన్నాయి.

2015లో మహింద ఓడిపోయారు. వచ్చిన కూటమి అంతర్గత కలహాలతో కాలం వెళ్లబుచ్చింది. 2019 ఈస్టర్ ఆదివారం చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోతే, జనానికి మళ్లీ ‘యుద్ధం గెలిపించిన మనిషి’ గుర్తొచ్చాడు. నవంబరులో గోటబయ 52 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యారు. గద్దె ఎక్కీ ఎక్కగానే వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోశారు. మిరుసువిల్‌లో ఎనిమిది మంది తమిళ పౌరులను చంపిన కేసులో మరణశిక్ష పడిన సైనికుడికి 2020 మార్చిలో క్షమాభిక్ష పెట్టారు. కొవిడ్ కట్టడిని సైన్యాధిపతికి అప్పగించారు. కొవిడ్‌తో చనిపోయిన ముస్లింల మృతదేహాలను వాళ్ల మత ఆచారానికి విరుద్ధంగా బలవంతంగా దహనం చేయించారు. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువులను రాత్రికి రాత్రి నిషేధించారు. వ్యవసాయ శాస్త్రవేత్తలు వద్దని మొత్తుకున్నారు. యుద్ధంలో ఆజ్ఞ ఇస్తే పని జరుగుతుంది. వరి మొక్కకు ఆ సంగతి తెలియదు. నవంబరులో నిషేధం ఎత్తేసేసరికి పంట పోయింది, డాలర్లు పోయాయి.

నేను ఎరువుల నిషేధాన్ని, పన్నుల కోతను విడివిడి తప్పులుగా చూడలేకపోతున్నాను. రెంటిలోనూ కనిపించేది ఒకే అలవాటు. ఎదుటివాడు శత్రువైనా అయి ఉండాలి, సిపాయైనా అయి ఉండాలి. ఆర్థికశాస్త్రం చెప్పేవాడికి ఈ రెంటిలో ఎక్కడ చోటు?

తర్వాత జరిగింది చాలామంది చూశారు. 2022 మార్చి ఆఖరుకు రోజుకు 13 గంటల కరెంటు కోత. కాగితం లేక పరీక్షలు వాయిదా. పెట్రోలు క్యూలో నిలబడి నిలబడి పెద్దవాళ్లు కుప్పకూలి చనిపోయారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. స్వాతంత్ర్యం వచ్చాక లంక అలా చేతులెత్తేయడం అదే మొదలు. సెప్టెంబరుకు ధరల పెరుగుదల 70 శాతానికి చేరింది. పేదల వాటా ఏడాదిలో 13 శాతం నుంచి 25 శాతానికి ఎగబాకిందని ప్రపంచ బ్యాంకు లెక్క.

కొలంబో సముద్రపు ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో ఏప్రిల్ 9 నుంచి గుడారాలు వెలిశాయి. దానికి పెట్టిన పేరు ‘గోటా గో గామ’. గామ అంటే సింహళంలో ఊరు, మన గ్రామమే. ఆ ఊళ్లో వంటశాల వెలిసింది, గ్రంథాలయం వెలిసింది. రంజాన్ నెలలో అందరూ కలిసి ఇఫ్తార్ చేశారు. మే 18న మరో పని జరిగింది. ముళ్లివాయ్క్కాల్ మృతులను తలచుకుంటూ అక్కడ గంజి పంచారు. ముట్టడిలో ఆ ఇసుక మీద చిక్కుకున్న జనం ప్రాణాలు నిలుపుకున్నది ఆ పలుచని ఉప్పు గంజితోనే. సింహళ యువత నడిపే ఉద్యమం కొలంబో నడిబొడ్డున ఆ పని చేయడం చిన్న విషయం కాదు.

అయినా ఉత్తరాన ఈ ఉద్యమానికి స్పందన పలుచనే. కారణం ఊహించడం కష్టం కాదు. యుద్ధకాలంలో జాఫ్నాకు పెట్రోలు, మందులు, బ్యాటరీ సెల్స్ రాకుండా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. మోటారు బళ్లు కిరోసిన్‌తో నడిచిన ఊళ్లవి. దక్షిణానికి కొత్తగా వచ్చిన కష్టం వాళ్లకు పాత చుట్టం. సైన్యానికి లొంగిపోయాక మాయమైన కొడుకుల ఆచూకీ కోసం కిళినొచ్చిలో తల్లులు 2017 ఫిబ్రవరి నుంచి రోడ్డు పక్కన కూర్చుంటున్నారు. వాళ్ల డేరా దగ్గరికి టీవీ కెమెరాలు వెళ్లింది అరుదు.

జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి జొరబడ్డారు. ఈత కొలనులో మునకలు వేసిన దృశ్యాలు ప్రపంచమంతా తిరిగాయి. 13న గోటబయ సైనిక విమానంలో మాల్దీవులకు పారిపోయారు. వారం తిరిగేసరికి పార్లమెంటు 134 ఓట్లతో, మహింద తర్వాత ప్రధాని అయిన రణిల్ విక్రమసింఘేను అధ్యక్షుణ్ని చేసింది. ఆ ఓట్లలో ఎక్కువ రాజపక్సల పార్టీవే. రెండు రోజులకే తెల్లవారకముందు సైనికులు గాల్ ఫేస్ గుడారాలు పీకేశారు. 1979 నాటి ఉగ్రవాద చట్టాన్ని ఆగస్టులో సింహళ విద్యార్థి నాయకుల మీద ప్రయోగించారు. నలభై ఏళ్లు తమిళుల మీద ఆరితేరిన ఆయుధం అది. దక్షిణాన కొందరికి దాని పదును అప్పుడు గానీ తెలియలేదు.

ఉద్యమం ఓడిపోయిందనడానికి కూడా లేదు. 2019లో 3 శాతం ఓట్లు తెచ్చుకున్న అనుర కుమార దిసానాయకే 2024 సెప్టెంబరులో 42 శాతంతో అధ్యక్షుడయ్యారు. నవంబరులో ఆయన నేషనల్ పీపుల్స్ పవర్ కూటమికి 225లో 159 సీట్లు వచ్చాయి. పాత పార్లమెంటులో ఉన్నవి మూడు. ఆ కూటమికి వెన్నెముక జేవీపీ. 1971లోనూ, 1987-89లోనూ తుపాకి పట్టి, అంతకంటే ఘోరంగా అణచివేతకు గురైన పార్టీ. తర్వాత ఎల్‌టీటీఈ మీద యుద్ధానికి గట్టిగా వత్తాసు పలికింది, 2005లో మహిందను గెలిపించింది. కలిసి ఉన్న ఉత్తర, తూర్పు రాష్ట్రాలను కోర్టుకెక్కి 2006లో విడగొట్టించింది కూడా. అలాంటి పార్టీ కూటమికి జాఫ్నా జిల్లాలో ఆరు సీట్లలో మూడు దక్కాయి. తమిళులు మరిచిపోయారని దానికి అర్థం చెప్పుకుంటే పొరపాటు. సొంత పార్టీల కీచులాటలతో విసిగి, కొత్తవాళ్లకు ఒక గడువు ఇచ్చారంతే. 2025 మే స్థానిక ఎన్నికల్లో ఉత్తరాన తమిళ పార్టీలు మళ్లీ పుంజుకున్నాయి.

బంగ్లాదేశ్‌లోనూ ఇలాంటి ఖాతాయే దివాలా తీసింది. 1971 యుద్ధ యోధుల సంతానానికి ఉద్యోగాల్లో 30 శాతం కోటా మీద 2024లో విద్యార్థులు లేచారు. ఆ సందర్భంలో అప్పటి ప్రధాని షేక్ హసీనా ‘రజాకార్’ అన్న మాట వాడారు. ఆ మాటలోని విషం హైదరాబాద్ చరిత్ర చదివిన తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. యాభై మూడేళ్ల కిందటి యుద్ధంలో ద్రోహుల పేరు తమకు తగిలించారని ఢాకా విశ్వవిద్యాలయం భగ్గుమంది. మూడు వారాల్లో ఆమె దేశం దాటారు.

లంకలో 2023 ఆరంభానికి సైన్యం మంజూరు బలం 2,00,783. దాన్ని 2030 నాటికి లక్షకు కుదిస్తామని 2023 జనవరిలో ప్రకటించారు. యుద్ధం ముగిసిన పద్నాలుగేళ్లకు, ఖజానా ఖాళీ అయ్యాక గానీ ఆ మాట నోటికి రాలేదు. శాంతి చేయించలేని పని దివాలా చేయించింది. ఉగ్రవాద చట్టాన్ని రద్దు చేస్తామన్న దిసానాయకే తొలి ఏడాదిలో ఆ పని చేయలేదు.

గంజి సంగతి ఇంకొకటి ఉంది. గాల్ ఫేస్‌లో పంచిన రెండేళ్లకు, 2024 మేలో, ట్రింకోమలీ జిల్లా సంపూర్‌లో అదే గంజి కాచి పంచినందుకు మహిళలతో సహా కొందరిని పోలీసులు పట్టుకెళ్లారు. కొలంబోలో అప్పటికి పెట్రోలు క్యూలు లేవు, కరెంటు పోవడం లేదు.