మౌస్‌ వదిలేస్తే... పేజీలు పరుగో పరుగు!

నూట ఎనభై పేజీల సిద్ధాంత వ్యాసం. గైడుగారు ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి ఇచ్చారు. 17వ పేజీలో ఒక అక్షరం, 94లో ఒక పేరు, 151లో పట్టికలోని అంకె. సాయంత్రంలోగా బైండింగ్‌కి ఇవ్వాలి. పరిశోధక విద్యార్థి మౌస్‌తో స్క్రోల్‌బార్‌ని కిందికి లాగుతుంటే 94 దాటి 103కు పోతుంది. మళ్లీ పైకి! దిద్దడానికి అర నిమిషం, వెతకడానికి ఐదు నిమిషాలు.

అదే పని డీటీపీ సెంటర్లో రోజూ టైపు చేసే అమ్మాయికి ఇస్తే? మౌస్‌ ముట్టుకోదు. కంట్రోల్‌, జి కలిపి నొక్కి, 94 కొట్టి ఎంటర్‌. అంతే! ఎంఎస్‌ వర్డ్‌లో ఎఫ్‌5 నొక్కినా ఇదే పెట్టె తెరుచుకుంటుంది. ఉన్నచోటు నుంచి నాలుగు పేజీలు ముందుకెళ్లాలంటే +4, వెనక్కయితే -4 అని కొట్టాలి.

హోమ్‌ నొక్కితే లైను మొదటికి, ఎండ్‌ నొక్కితే చివరికి వెళ్తామని చాలామందికి తెలుసు. వాటికి కంట్రోల్‌ జోడిస్తే ఏకంగా ఫైలు మొదటికీ చివరికీ వెళ్లొచ్చు. కంట్రోల్‌తో పక్క బాణాలు ఒక్కో పదాన్నీ, పై కింది బాణాలు ఒక్కో పేరానీ దాటిస్తాయి. హోమ్‌, ఎండ్‌ విడిగా లేని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్‌ మీట పట్టుకుని పక్క బాణాలు నొక్కాలి.

వీటికి షిఫ్ట్‌ కూడా కలిపితే దాటినంత మేరా సెలెక్ట్‌ అవుతుంది. ఇక్కడే జాగ్రత్త. కంట్రోల్‌, షిఫ్ట్‌, ఎండ్‌ నొక్కాక చెయ్యి తగిలి ఏ అక్షరమో పడిందా... కింది పేజీలన్నీ మాయం! కంగారులో సేవ్‌ చేసి మూసేయకుండా వెంటనే కంట్రోల్‌, జెడ్‌ నొక్కాలి.

అన్నిటికంటే పనికొచ్చేదీ, తక్కువమంది వాడేదీ షిఫ్ట్‌, ఎఫ్‌5. ఏదో చూడ్డానికి మొదటి పేజీకి వెళ్లారు. ఇందాక ఎక్కడ దిద్దుతున్నారో గుర్తులేదు. ఇది నొక్కితే అక్కడికే తీసుకెళ్తుంది. మళ్లీ మళ్లీ నొక్కితే అంతకుముందు మార్పులు చేసిన చోట్లూ చూపిస్తుంది.

అన్నట్టు, ఇది కొత్త ఆలోచనేం కాదు. 1970ల చివర్లో వచ్చిన వర్డ్‌స్టార్‌లోనూ ముందున్న చోటికి తిరిగెళ్లే మీటలున్నాయి. బాణం మీటలు లేని కీబోర్డుల కోసం అందులో కంట్రోల్‌తో ఇ పైకి, ఎక్స్‌ కిందికి, ఎస్‌ ఎడమకు, డి కుడికి. 1990ల్లో కంప్యూటర్‌ కోర్సులు చేసినవారికి ఇవి గుర్తుండే ఉంటాయి. 'గేమ్‌ ఆఫ్‌ థ్రోన్స్‌' రచయిత జార్జ్‌ ఆర్‌.ఆర్‌. మార్టిన్‌ అయితే తాను డాస్‌ కంప్యూటర్లో వర్డ్‌స్టార్‌ 4.0 మీదే రాస్తానని 2014లో ఓ టీవీ కార్యక్రమంలో చెప్పారు.

పేజీ నంబరు తెలియకపోతే కంట్రోల్‌, ఎఫ్‌ నొక్కి మాటతో వెతకొచ్చు. తెలుగు మాటయినా సరే, ఫైలు యూనికోడ్‌లో ఉంటే దొరుకుతుంది. పాత అను ఫాంట్లలో కొట్టిన ఫైలయితే యూనికోడ్‌లో టైపు చేసిన మాట అందులో కనిపించదు. అలాంటి ఫైళ్లకి పేజీ నంబరు రాసిపెట్టుకుని కంట్రోల్‌, జితో వెళ్లడమే తేలిక.