గౌరవం పరిహారంతో వచ్చేది కాదు

మనది ప్రజాస్వామ్య దేశం. ఎన్నికలలో ఓటు వేస్తున్నాం, ప్రభుత్వాలను మారుస్తున్నాం. అయితే ఓటు హక్కు ఉన్నంత మాత్రాన ప్రజాస్వామ్యం సంపూర్ణమైనట్లేనా? మన రాజ్యాంగ పీఠికలో స్వేచ్ఛ, సమానత్వాలతోపాటు వ్యక్తి గౌరవం అనే మాట కూడా ఉంది. ఓటున్న ప్రతి మనిషికీ ఆ గౌరవం దక్కుతున్నదా అన్నదే అసలు పరీక్ష. ఈ పరీక్షలో మనం ఎంత వెనుకబడి ఉన్నామో పాకీ పని చరిత్ర చెబుతుంది.

ఒకరి మలాన్ని మరొకరు చేతులతో ఎత్తి, తట్టలో మోయడాన్ని పాకీ పని అంటారు. తరతరాలుగా ఈ పనిని కొన్ని కులాల వారికే అంటగట్టారు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కాని పాకీ పనిని నిషేధించే కేంద్ర చట్టం 1993లో గాని రాలేదు. అంటే రాజ్యాంగం అమలులోకి వచ్చిన 43 ఏళ్ల తరువాత అన్నమాట.

చట్టం వచ్చినా పని ఆగలేదు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతంలో సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ అన్యాయంపై ఉద్యమించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పేదల మన్నన పొందిన ఎస్.ఆర్. శంకరన్ ఆయనకు అండగా నిలిచారు. వారి సంస్థ సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2013లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. సరైన రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి మనుషులను దించడాన్ని కూడా ఈ చట్టం నేరంగా ప్రకటించింది. మొదటిసారి చేసిన నేరానికే 2 ఏళ్ల వరకు జైలు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

“కూలి ఇస్తున్నాం, వారు ఇష్టపడే దిగుతున్నారు కదా” అని కొందరు అంటారు. ఈ వాదన సరైనది కాదు. ఆకలికి లొంగి, కనీస వేతనం కన్నా తక్కువ కూలికి పనిచేయడం కూడా నిర్బంధ శ్రమేనని సుప్రీంకోర్టు 1982లోనే స్పష్టం చేసింది. వేరే దారి లేనివాని ఒప్పుకోలును ఇష్టం అనలేము.

మురుగులో విషవాయువులు పేరుకుంటాయి. లోపలికి దిగిన మనిషి క్షణాలలో స్పృహ తప్పుతాడు. అతనిని కాపాడబోయి దిగినవారు కూడా ప్రాణాలు కోల్పోతారు. ఇలా మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో ఈ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఇది న్యాయమే. కాని పరిహారం చావు తరువాత వచ్చేది. మనిషిని అసలు దించకుండా ఉండడమే హక్కును కాపాడడం. అది అసాధ్యమేమీ కాదు. ఇరుకు వీధులలోకి వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలు హైదరాబాదులో 2017లోనే వచ్చాయి. యంత్రం ఉండి కూడా మనిషిని దించితే, ఆ మనిషి ప్రాణం యంత్రపు అద్దె కన్నా చౌక అని మనం భావించినట్లే.

ఈ విషయంలో తప్పంతా ప్రభుత్వానిదే అనుకోవడం పొరపాటు. చట్టం గుత్తేదారుకే కాదు, ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. మన ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు మనం ఎవరిని పిలుస్తున్నాం? బండిని పంపమని పురపాలక కార్యాలయాన్ని అడుగుతున్నామా, లేక తక్కువ డబ్బుకు దిగే మనిషిని వెతుకుతున్నామా? హక్కుల రక్షణ ఇక్కడి నుండే మొదలు కావాలి.

మీ ప్రాంతంలో ఇటువంటి హక్కుల ఉల్లంఘన జరిగితే, 1993లో ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు. తెలుగులోనే రాయవచ్చు. అయితే సంఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. బాధితులే రాయాలన్న నియమం లేదు, వారి తరఫున మీరూ రాయవచ్చు. చదువు నేర్చిన మనిషి మరొకరి గౌరవం కోసం రాసే ఆ ఒక్క ఉత్తరం ఓటుతో సమానమైన ప్రజాస్వామ్య కర్తవ్యం.