దెబ్బ తినని బాక్సింగ్

మా చిన్నాయిన బిడ్డది కోరుట్ల. డిగ్రీ సెకండియర్. మూడు నెలల నుంచి పొద్దున్నే స్కూటీ మీద జిమ్‌కు పోయి 'బాక్సింగ్ ఫిట్‌నెస్' క్లాసు చేస్తోంది. మొన్న ఫోన్ చేసింది. "అక్కా, నాకు బాక్సింగ్ వస్తదని చెప్పుకోవచ్చా? రీల్ పెడితే ఒకడు 'ఎవర్ని కొట్టినవ్, ఎన్ని తిన్నవ్' అని కామెంట్ పెట్టిండు" అంది.

వాడి నోరు సంగతి పక్కన పెడదాం. ప్రశ్న మాత్రం చెత్తది కాదు. ఆ క్లాసులో స్పారింగ్ లేదు, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి నిజంగా గుద్దుకోవడం లేదు. బ్యాగ్ ఉంది, ప్యాడ్లు పట్టే కోచ్ ఉన్నాడు, స్కిప్పింగ్ ఉంది, అద్దం ముందు షాడో బాక్సింగ్ ఉంది. మరి ఇది బాక్సింగేనా?

దెబ్బలు తగలకుండా నేర్చుకోవాలనే కోరిక ఇప్పటిది కాదు. 1740ల్లో లండన్‌లో జాక్ బ్రౌటన్ అనే ఫైటర్ శిక్షణ కేంద్రం పెట్టాడు. పెద్దింటి కుర్రాళ్లకు నేర్చుకోవాలని ఉంది గానీ ముక్కు పగిలితే ఒప్పుకోరు. వాళ్ల కోసమే మెత్తగా కుట్టిన తొడుగులు తెచ్చి 1747లో పేపర్లో ప్రకటన ఇచ్చాడు. మన చేతికి వేసుకునే గ్లోవ్స్‌కు పూర్వీకులు అవే. అప్పట్లో అసలు పోటీలు ఒట్టి చేతులతోనే జరిగేవి. అంటే గ్లోవ్స్ ముందుగా వచ్చింది క్లాసు కోసమే అన్నమాట!

బ్యాగ్ మీద నేర్చుకునేది తక్కువేం కాదు. గుద్దు చేతిలోంచి రాదు, వెనక కాలి మునివేళ్ల దగ్గర మొదలై నడుము తిరిగితే భుజం దాకా వస్తుంది. బొటనవేలు పిడికిలి లోపల దాచుకుంటే విరుగుతుంది, బయటే ఉండాలి. మొదటి రెండు వేళ్ల కణుపులతో తగలాలి. చిటికెన వేలు వైపు తగిలితే ఆ అరచేతి ఎముక చిట్లుతుంది. దానికి డాక్టర్లు పెట్టుకున్న పేరే బాక్సర్స్ ఫ్రాక్చర్. నిజానికి గోడను గుద్దే కోపిష్టి కుర్రాళ్లకే అది ఎక్కువ. చేతికి బట్ట చుట్టుకోకుండా బ్యాగ్ ముందు నిలబెట్టే క్లాసైతే వెంటనే మానేయండి. జాబ్ కొట్టిన చెయ్యి (నోటిఫికేషన్ వచ్చే జాబ్ కాదు) కొట్టినంత వేగంగా గదమ దగ్గరికి వెనక్కి రావాలి. పాట పెట్టి నిమిషానికి ఎన్ని గుద్దులని లెక్కపెట్టే క్లాసుల్లో ముందుగా పోయేది ఇదే. చెమట వస్తది, చెయ్యి కిందికి జారుతది, ఎవరూ చెప్పరు.

ఇక రానివి. బ్యాగ్ తిరిగి కొట్టదు. ఎదుటి మనిషి భుజం కదిలితే ఏం వస్తుందో పసిగట్టడం, ముఖం మీదికి చెయ్యి వస్తుంటే కళ్లు మూసుకోకుండా ఉండటం, భయంలో ఊపిరి బిగబట్టకపోవడం, ఇవి మనిషి ముందే వస్తాయి.

జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి బస్సులో పోతే నిజామాబాద్. నిఖత్ జరీన్ అక్కడే కోచ్ షంసముద్దీన్ దగ్గర మొదలుపెట్టింది. ఆడపిల్లలు లేకపోవడంతో మగపిల్లలతోనే స్పారింగ్. మొదట్లోనే ముక్కు నుంచి రక్తం, కమిలిన కన్ను. వాళ్లమ్మ ఏడ్చిందని, పెళ్లెలా అవుతుందని దిగులు పడిందని ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. రింగులోకి దిగాలంటే ఆ దారి తప్పదు. కానీ అందరూ ఆ దారిలోనే పోవాలని రూలేం లేదు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ పుర్రె లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. ఇరవై ఏళ్ల పిల్ల ఆరోగ్యం కోసం వచ్చి, తలకు దెబ్బలు వద్దనుకుంటే అది పిరికితనమా? నేననుకోను.

నా భయం వేరే. ఈ పిల్ల ఫోన్ పెట్టేసే ముందు, "బస్టాండ్ల ఎవడన్న వెంబడి పడితే ఒక్క హుక్ చాలక్కా" అంది. గుండె గుభేలుమంది. కదలని బ్యాగ్ మీద మూడు నెలలు చేసిన హుక్, గ్లోవ్ లేని చేత్తో, కదిలే మగవాడి తలకు తగిలితే ముందు విరిగేది ఈమె చెయ్యే. నలుగురున్న వైపు పరుగెత్తు, అరువు, 112కి కొట్టు అన్నాను. స్కిప్పింగ్ చేసిన కాళ్లు అక్కడ హుక్ కంటే ఎక్కువ పనికొస్తాయి. కొంచెం అలిగింది.

మరి మధ్యేమార్గం లేదా అంటే ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, అరచేత్తో ఒకరి భుజం ఒకరు తాకే ఆట. తల జోలికి పోకూడదు. గుద్దు ఉండదు, దూరం మాత్రం తెలుస్తుంది. మీ సార్‌ను అడిగి చూడు, పక్కనే నిలబడి చూస్తుంటేనే చెయ్యమన్నాను.

నిన్న మెసేజ్ వచ్చింది. "అక్కా, రెండు నిమిషాలల్ల ఆమె నన్ను పదకొండు సార్లు తాకింది. నేను రెండు సార్లు. రీల్ తీసేసిన. మళ్ల రేపు పోతున్న."