గుండెనొప్పికి చిట్కాలు తగవు

ఇంటి పెద్దదిక్కును హఠాత్తుగా పోగొట్టుకున్న కుటుంబాలలో తరచు వినవచ్చే మాట ఒకటున్నది: "గ్యాసు అనుకొని వాము నమిలించాము, సోడా తాగించాము." వాము అజీర్ణానికి మేలు చేస్తుంది, మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరవజాలదు. దెబ్బతిన్న వెంటనే ప్రాణం హరించే మర్మాలలో సుశ్రుతుడు హృదయాన్ని చేర్చాడు. అట్టి స్థానం విషయంలో కాలయాపన శాస్త్రసమ్మతం కాదు.

ఛాతీలో బిగింపు, చేతికి లేక దవడకు పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కు ఫోను చేయండి. మధుమేహ రోగులకు నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. స్పృహ తప్పి శ్వాస ఆగితే, అంబులెన్సు వచ్చేవరకు రొమ్ము నడుమ నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

పథ్యం, దినచర్య ముందునుండి పాటించవలసినవి. ఆపద వేళ ఆసుపత్రియే శరణ్యం. ఇట్లు చెప్పడం ఆయుర్వేదానికి చిన్నతనం కాదు.