టిక్కెట్టు లేని తలుపులు

లండను నుండి తిరిగి వచ్చిన వారానికి, మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన ఆపి పలకరించారు. "ఏమేం చూశారు?" అని అడిగితే ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాను. మధ్యలో ఆయన, "వాటికి టిక్కెట్టు ఎంతేమిటి?" అన్నారు. "ఏమీ లేదండీ, అన్నీ ఉచితమే" అన్నాను. ఆయన ముఖంలో ఆసక్తి చప్పున ఆరిపోయింది. పాపం, అంత దూరం వెళ్ళి టిక్కెట్టు లేనివి చూసి వచ్చాడన్న జాలి ఆ చూపులో కనబడింది.

ఆ జాలికి అక్కడ సమాధానం చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పుకుంటాను.

ఉచితంగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారని మనల్ని మనమే ఎగతాళి చేసుకుంటాం. అందులో నిజం లేకపోలేదు. ఉచితమంటే ఎగబడతాం, అయితే దాన్ని గౌరవించం. వెల కట్టనిదానికి విలువ ఉండదని ఎక్కడో లోపల నమ్ముతాం. విదేశయాత్ర విషయంలో నాకూ ఆ నమ్మకమే ఉండేది. డబ్బున్నవాళ్ళు టిక్కెట్లు కొని చూస్తారు, లేనివాళ్ళు పార్కుల్లో కూర్చుంటారు అనుకునేవాణ్ణి. తొమ్మిది రోజుల్లో ఆ అభిప్రాయం తలకిందులైంది.

వెళ్ళింది నేనూ, మా అమ్మా. బస మా పిన్ని కూతురింట్లో. విమానం టిక్కెట్లూ వీసాలూ కలిసి దాచుకున్న సొమ్మును దాదాపు మింగేశాయి. అమ్మకు ప్రతి పౌనునూ రూపాయల్లోకి మార్చి చూసే అలవాటు. టీ కప్పు ముందు కూర్చుని లెక్క కట్టి, "ఈ టీ డబ్బుతో మనింట్లో పదిరోజులు పాలు పోయించుకోవచ్చురా" అనేది. ఆ తరువాత ఆ టీ ఎవరికి రుచిస్తుంది?

మొదటి రోజునే ఒక పేరుమోసిన చోటికి టిక్కెట్టు కొని వెళ్ళాం. పేరెందుకు లెండి, తప్పు ఆ చోటిది కాదు. ఇద్దరికీ అయిన ఖర్చు మా ఇంటి నెల వెచ్చాలకు దగ్గరగా ఉంది. ఇక అక్కడి నుండి మాది చూడటం కాదు, వసూలు చేసుకోవడం. ప్రతి గదీ తిరగాలి, ప్రతి బల్లా చదవాలి, ఒక్క మూల వదిలినా అంత మేరకు నష్టం! అమ్మకు మోకాళ్ళు నొప్పి పుట్టి బల్ల మీద కూలబడితే, "ఇంకా రెండు గదులున్నాయమ్మా, డబ్బు కట్టాం కదా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సాయంత్రం ఇంటికి చేరాక ఏం చూశామో ఇద్దరిలో ఒక్కరికీ సరిగా గుర్తులేదు.

మరునాడు ట్రఫాల్గర్ కూడలిలోని నేషనల్ గ్యాలరీకి వెళ్ళాం. ప్రవేశం ఉచితం. అమ్మ మూడు గదులు దాటి, ఒక చిన్న పటం ముందు ఆగిపోయింది. అది యాన్ వాన్ ఐక్ 1434లో చిత్రించిన ఆర్నొల్ఫీని దంపతుల చిత్రం. గదిలో భార్యాభర్తలు నిలబడి ఉంటారు, కాళ్ళ దగ్గర ఒక బొచ్చుకుక్క, వెనుక గోడకు గుండ్రటి అద్దం. ఆ అద్దంలో గుమ్మం దగ్గర నిలబడిన మరో ఇద్దరు మనుషులు కనబడతారు. ఈ అద్దం గురించి పండితులు పేజీలకు పేజీలు రాశారు. అమ్మ చూసింది అద్దాన్ని కాదు. "చూశావుట్రా, వీళ్ళూ ఇంట్లో చెప్పులు విడిచారు" అంది. నిజమే, పటంలో ఎడమ మూల కొయ్య పాదరక్షలు విడిచి ఉన్నాయి. పుస్తకాల్లో ఆ బొమ్మను ఎన్నోసార్లు చూసిన నాకు అవి ఎన్నడూ ఆనలేదు.

ఆ ఒక్క పటం ముందు అరగంట గడిపి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. "ఇంకా చాలా ఉన్నాయేమో" అని అమ్మ అంటే, "రేపు మళ్ళీ రావచ్చులే" అన్నాను. ఉచితం ఇచ్చే అసలు వరం ఆ "మళ్ళీ రావచ్చులే" అన్న మాటలోనే ఉందని నాకప్పుడు తట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఆ గ్యాలరీకి మూడుసార్లు వెళ్ళాం. ఏ ఒక్కసారీ గంటకు మించి ఉండలేదు.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ గ్యాలరీలోని చిత్రాలన్నీ బాంబులకు భయపడి వేల్స్‌లోని ఒక పలకరాతి గనిలో దాచారు. ఖాళీ గోడలు చూడలేక జనం అడిగితే, 1942 నుండి నెలకొక చిత్రాన్ని మాత్రం తెచ్చి ప్రదర్శించసాగారు. బాంబులు పడుతున్న నగరంలో ఆ ఒక్క పటాన్ని చూడటానికి జనం వచ్చేవారు. నెలకు ఒకటే పటం! అంత శ్రద్ధగా చూసిన కళ్ళు తరువాతి కాలంలో ఎన్ని ఉన్నాయో.

మరొక ఉదాహరణ గ్రీనిచ్. అక్కడి పాత నక్షత్రశాల ఆవరణలో సున్నా రేఖాంశపు గీత ఉంది. టిక్కెట్టు కొని, వరుసలో నిలబడి, తూర్పున ఒక కాలు, పడమరన ఒక కాలు వేసి ఫొటో దిగడం ఆచారం. ఆ ఆవరణ గోడకు బయట, కాలిబాట పక్కన, అదే గీత గోడలో గుర్తు వేసి ఉంది. అక్కడ అడిగేవారు లేరు. తమాషా ఏమిటంటే, 1884లో వాషింగ్టనులో కూడిన దేశాల్లో అత్యధికం ఒప్పుకున్న గీత ఇదే అయినా, ఇప్పుడు మన చేతి ఫోన్లలోని జీపీఎస్ చూపే సున్నా రేఖాంశం దీనికి సుమారు 102 మీటర్లు తూర్పున, పార్కు పచ్చికలో ఉంది. పచ్చికకు టిక్కెట్టు లేదు. అమ్మను అక్కడ నిలబెట్టి ఫోనులో సున్నాలు చూపించాను. "ఏ గీతా లేదు కదరా" అంది. లేదు. భూమ్మీద ఎక్కడా లేదు.

వెస్ట్‌మినిస్టర్ ఆబీ సంగతి చెప్పేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. పగటిపూట సందర్శకులకు అక్కడ రుసుము గట్టిగానే ఉంది. ప్రార్థనకు వచ్చేవారి నుండి ఏమీ తీసుకోరు. సాయంకాల ప్రార్థనకు వెళ్ళి వెనుక కూర్చున్నాం. బాలగాయకుల కంఠాలు ఆ రాతి కమానుల్లోకి లేచి పోతుంటే అమ్మ కళ్ళు మూసుకుంది. బయటికొచ్చాక, "డబ్బు కట్టి చూసేది ప్రత్యేక దర్శనం, మనది సర్వదర్శనం అన్నమాట" అంది. తిరుమల తెలిసినవారికి ఇంతకన్నా వివరణ అక్కరలేదు. అయితే సర్వదర్శనానికి వెళ్ళేవాడు భక్తుడిగా వెళ్ళాలి. టిక్కెట్టు ఎగవేసే ఉపాయంగా ప్రార్థనకు వెళ్ళి, మధ్యలో లేచి ఫొటోలు తీసుకునేవారిని చూశాను. అది పొదుపు కాదు, చౌర్యం.

ఇక్కడే నా వాదానికి రెండో వైపు ఉంది. ఉచితమంటే ఖర్చు లేనిదని కాదు, ఆ ఖర్చు మరెవరో భరించారని. లండనులోని సైన్సు మ్యూజియం, సహజచరిత్ర మ్యూజియం వంటివి 1980ల చివర టిక్కెట్టు పెట్టాయి. 2001 డిసెంబరులో జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలన్నింటికీ ప్రవేశం మళ్ళీ ఉచితమైంది. ఆ భారం మోసేది అక్కడ పన్ను కట్టే బస్సు డ్రైవరూ, ఆసుపత్రి నర్సూను. గుమ్మం దగ్గరి విరాళాల పెట్టెను చూడనట్టు దాటిపోవడం నాకు మొదట తెలివిగా తోచింది. మూడోసారి వెళ్ళినప్పుడు అమ్మే కొంగుముడి విప్పి రెండు నాణేలు వేసింది. "ఊరికే తిని చెయ్యి కడుక్కుని పోతే ఎలారా" అంది. ఉచితాన్ని అనుభవించే మర్యాద అదే. ఇవ్వగలిగినంత ఇవ్వడం, ఇవ్వలేకపోతే కనీసం శ్రద్ధగా చూడటం.

చివరి రోజు బ్రిటిష్ మ్యూజియం. 1759లో తలుపులు తెరిచినప్పటి నుండి ఉచిత ప్రవేశం దాని సంప్రదాయం. అక్కడ 33ఏ సంఖ్య గల గదికి అమ్మను తీసుకెళ్ళాను, ఎక్కడికో చెప్పకుండా. అద్దాల వెనుక తెల్లని పలకలు, పద్మాలు, స్తూపాన్ని కొలిచే జనం, నాగరాజులు. అమ్మ పుట్టింది గుంటూరు జిల్లాలో. ఒక పలక ముందు నిలబడి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఇది మన పలనాటి రాయిరా" అంది.

అది అమరావతి స్తూపం. 18వ శతాబ్దపు చివర కాలిన్ మెకంజీ కంటబడేనాటికే ఆ దిబ్బ రాళ్ళు కట్టడాలకు తరలిపోతున్నాయి. 1816లో ఆయన మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. తీసిన పలకలు మద్రాసు చేరాయి, వాటిలో పెద్ద భాగం 1859లో లండనుకు ఓడెక్కింది, 1880లో ఈ మ్యూజియానికి వచ్చింది. ఉన్నచోటే ఉంటే సున్నం బట్టీలో పోయేవని కొందరంటారు. తీసుకుపోయినవాళ్ళ వారసులు తిరిగి ఇవ్వాలని మరికొందరంటారు. ఆ తగవు ఈ టపాలో తేలేది కాదు. నాకు తోచింది ఒక్కటే. ఆ తలుపుకు టిక్కెట్టు లేకపోవడం, ఆ అన్యాయానికి మిగిలిన ఒకే ఒక చిన్న పరిహారం.

ఆ మ్యూజియానికి తాత్కాలిక సంచాలకులుగా పనిచేసిన సర్ మార్క్ జోన్స్ 2024లో, విదేశీ సందర్శకుల నుండి రుసుము తీసుకోవచ్చునని సూచించారు. వాదం తేలికగా కొట్టిపారేసేది కాదు. పన్ను కట్టేది మేము, చూసేది మీరు అంటే ఏం చెప్పగలం? అయినా, మా అమ్మ ఆ గుమ్మం దగ్గర పాస్‌పోర్టు చూపించి, తన ఊరి రాయి చూడటానికి పౌనులు లెక్కపెట్టుకోవడాన్ని ఊహిస్తే మనసు ఒప్పదు. నేను దానికి వ్యతిరేకిని.

వ్యతిరేకినని రాసి కలం ఆపేస్తే నిజాయితీ కాదు. 2018లో నిర్ణయించిన ధరల ప్రకారం తాజమహలు ప్రవేశానికి మనకు 50 రూపాయలు, ఎక్కువ దేశాల విదేశీయులకు 1100. ఇరవై రెట్లు పైగా! దాచుకున్న సొమ్ముతో, అమ్మను వెంటబెట్టుకుని వచ్చిన నాలాంటివాడు పెరూలోనో, పోలండులోనో ఉండడా? వాడూ గుమ్మం దగ్గర లెక్క కట్టుకోడా? మనిషి ఏ దేశంవాడో చూసి వెల నిర్ణయించడం అక్కడ తప్పయితే ఇక్కడా తప్పే. నిర్వహణకు డబ్బు కావాలంటే అందరికీ ఒకే ధర పెట్టండి, వారంలో ఒక రోజు అందరికీ ఉచితంగా తెరవండి. తలుపు మనదైనప్పుడు ఒక న్యాయం, పరాయిదైనప్పుడు మరో న్యాయం కుదరదు.

మా వీధి పెద్దాయన మళ్ళీ కనబడితే ఈసారి చెబుతాను. టిక్కెట్టు కొన్నచోట ఆవరణ అంతా తిరిగాం, ఏమీ చూడలేదు. టిక్కెట్టు లేనిచోట చెప్పుల జత ఒకటి చూశాం, లేని గీత ఒకటి చూశాం, మా ఊరి రాయి చూశాం. అమ్మ ఇప్పటికీ ఆ మూడింటి గురించే చెబుతుంది.

మీరు ఏ ఊళ్ళో, ఏ టిక్కెట్టు లేని తలుపు దాటి, ఏం చూసి నిలబడిపోయారో చెప్పండి. వినాలని ఉంది.