వసీ యజమాని కాడు

ఇంటి పెద్ద కన్నుమూసి నలభై రోజులు నిండకముందే చాలా ఇళ్లలో ఒక కాగితం సిద్ధమవుతుంది. “ఆపాకు పెళ్లినాడే పెట్టవలసింది పెట్టేశాం కదా” అన్న ఒక్క మాటతో ఆడబిడ్డ సంతకం అడుగుతారు. పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో ఆమె సంతకం చేస్తుంది. దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లోని మన కుటుంబాలు ఈ ఆచారాన్ని సూటిగా ప్రశ్నించుకోవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాము. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాశ్రయానికి పేరుపొందిన దొనకొండలో పారిశ్రామిక కేంద్రం వస్తుందన్న ప్రకటనలు రాష్ట్ర విభజన తరువాత వెలువడ్డాయి. మెట్ట భూములకు విలువ వచ్చిననాడు పాసుపుస్తకంలో పేరు లేని వితంతువు, ఆడబిడ్డ ఎవరిని అడగాలి?

ఆస్తి ఒక్కరి పేరిట లేకుంటే వారసత్వపు పన్ను పడుతుందని కొందరు భయపెడుతున్నారు. ఇది నిజం కాదు. 1953 నాటి ఎస్టేట్ సుంకం చట్టం 1985 మార్చి 16 నుండి అమలులో లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తిపై ఆదాయపు పన్ను కూడా లేదు. అయితే మరణించిన వ్యక్తి చెల్లించవలసిన పన్ను మిగిలి ఉంటే, ఆ ఆస్తి మేరకు వారసులు చెల్లించాలి. ఆ తరువాత వచ్చే అద్దెకు, ఇతర ఆదాయానికి ఎవరి వాటాకు వారే బాధ్యులు.

పొలానికి షరీఅత్ వర్తించదన్నది మరొక వాదన. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట వాస్తవమే. కాని ఆనాటి మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. మన ప్రాంతం అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. కనుక ఇంటిలోవలెనే పొలంలోనూ ఆడబిడ్డకు వాటా ఉన్నది.

పంపకానికి ఒక క్రమం ఉన్నది. మొదట కఫన్, దఫన్ ఖర్చులు, పిమ్మట అప్పులు. చెల్లించని మెహర్ కూడా అప్పే. ఆపైన వసియ్యత్, అది మిగిలిన ఆస్తిలో మూడో వంతు దాటరాదు, ఇతర వారసుల సమ్మతి లేనిదే ఒక వారసునికి చెల్లదు. ఆ తరువాతనే వాటాలు. ఉదాహరణకు అన్నీ పోను 24 లక్షలు మిగిలి, భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు మాత్రమే వారసులైతే, భార్యకు ఎనిమిదో వంతుగా 3 లక్షలు, ఒక్కొక్క కొడుకుకు 7 లక్షలు, ఒక్కొక్క కూతురికి మూడున్నర లక్షలు వస్తాయి.

ఈ క్రమాన్ని నడిపించడానికి మరణించిన వ్యక్తి నియమించినవాడే వసీ. అతడు అమానతుదారుడే గాని యజమాని కాడు. వసియ్యత్ లేనిచోట పెద్దకొడుకు తనంతట తానే వసీ కాజాలడు. బ్యాంకు ఖాతాలో నామినీగా పేరున్నంత మాత్రాన సొమ్ము అతనిది కాదని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. మైనర్ పిల్లల స్థిరాస్తిని తల్లి గాని, అన్న గాని కోర్టు అనుమతి లేకుండా అమ్మజాలరు. యతీముల సొమ్ము తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారని ఖురాన్ హెచ్చరించిన సంగతి మరువరాదు.

మేము కోరేది పెద్ద పని కాదు. తహసీల్దారు కార్యాలయం నుండి తీసుకునే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఆడవారి పేర్లన్నీ చేర్చండి. ఆస్తుల, అప్పుల జాబితా రాసి అందరికీ చూపండి. ఎవరైనా తమ వాటా వదులుకోదలిస్తే, అది ఎంతో తెలిసిన తరువాత, ఒత్తిడి లేకుండా వదులుకోనివ్వండి. పెళ్లినాటి కానుకలు మీరాస్‌కు బదులు కావు. మసీదు కమిటీలు, అంజుమన్లు లెక్క కట్టడంలో తోడ్పడాలి; జుమా ప్రసంగాలలో ఈ మాట వినిపించాలి.

పౌర హక్కుల కోసం ప్రభుత్వాన్ని నిలదీసే మనం, మన ఇంటి ఆడబిడ్డ హక్కును మన చేతులతోనే కాజేస్తే ఆ నిలదీతకు బలమెక్కడిది? న్యాయం మన గడప లోపలి నుండే మొదలు కావాలి.